మంచుదేశపు నాచు ఎండిపోయి మళ్లీ లేస్తుందట, మన కప్ప ఎందుకు లేవదు?

పర్లాకిమిడి_అమ్మ
అందరికీ నమస్కారం. పది రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు, తెలిసినవాళ్లు చెబుతారని ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడవైనా చదవండి.

కిందటేడు కార్తీకమాసంలో మేం మహేంద్రగిరి వెళ్లాం. కొండ దారిలో ఒక రాయి నుంచి ఊడి కిందపడిన నాచు ముక్కని మా అమ్మాయి (ఏడో తరగతి) అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చుకుంది. బీరువాలో పడేసి మరిచిపోయాం. మొన్న బీరువా సర్దుతుంటే అగ్గిపెట్టె బయటపడింది, లోపల ఉన్నది ముట్టుకుంటే పొడి అయిపోయేలా, చుట్ట పొగాకులా ఉంది. పారేద్దామంటే వద్దని సాసర్లో వేసి నీళ్లు చల్లింది. పట్టుమని పది నిమిషాలు కాలేదు, ఆకులు విచ్చుకుని పచ్చగా అయిపోయింది. నేను కళ్లారా చూశాను.

అదే రోజు సాయంత్రం డాబా మీద నీళ్ల డ్రమ్ము వెనక ఒక చెట్టు కప్ప కనిపించింది. డ్రమ్ము ఖాళీ అయి చాలా రోజులైంది, ఆ ఎండకి సిమెంటు మీద తోలు ముక్కలా ఎండిపోయింది. మా పిల్ల దాన్ని కూడా బేసిన్లో పెట్టి నీళ్లు పోసింది. రాత్రి అన్నం తినమన్నా రాలేదు, బేసిన్ దగ్గరే కూర్చుంది. "నాచు లేచింది కదమ్మా, కప్ప ఎందుకు లేవలేదు?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. వేసవిలో కప్ప మట్టైపోతుందని, తొలకరి చినుకు పడగానే ఆ మట్టిలోంచే మళ్లీ కప్పై లేస్తుందని మా నాయనమ్మ చెప్పేది, అదే పిల్లకి ఎప్పుడో చెప్పాను, తప్పు చేశానేమో అనిపిస్తోంది.

అంటార్కిటికాలో పదిహేను వందల ఏళ్లు మంచులో ఉన్న నాచు మళ్లీ మొలిచిందని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే మన వేడి దేశపు కప్పకి ఆ శక్తి ఎందుకు లేదు?

గుణుపురం_సైన్స్
అమ్మా, నిజమే. ముప్పై ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు తెలిసినంత చెబుతాను.

దక్షిణ ఓర్క్నీ దీవుల్లో సిగ్నీ అని ఒక చిన్న దీవి ఉంది, అంటార్కిటికా దగ్గర. అక్కడ నాచు ఏటేటా పాతదాని మీద కొత్తది పెరుగుతూ గట్టులా పేరుకుంటుంది. పైన పచ్చగా ఉంటుంది, లోపలిది శాశ్వతంగా గడ్డకట్టి ఉంటుంది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే, రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ గట్టులోకి గొట్టం దించి నిలువునా ముక్క తీసి, పొరలు పొరలుగా కోసి, వెలుతురు వెచ్చదనం తగిలేలా పెట్టి ఊరుకున్నారు. కొన్ని వారాలకి 110 సెంటీమీటర్ల లోతు పొర నుంచి కూడా కొత్త మొలకలు వచ్చాయి. ఆ పొర వయసు కార్బన్ లెక్కతో 1,500 ఏళ్లు దాటింది. 2014లో ప్రచురించారు. అంతకు ముందు ఏడాది, 2013లో, కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో హిమానీనదం వెనక్కి తగ్గిన చోట, 400 ఏళ్లు దాని కింద నలిగిన నాచుని కేథరిన్ లా ఫార్జ్ అనే ఆవిడ బృందం తెచ్చి పెంచింది.

అయితే మీ సాసర్ గురించి ఒక మాట చెప్పాలి, పాపకి నిరాశ కలిగినా సరే. నీళ్లు తగలగానే పచ్చబడటం ప్రాణానికి రుజువు కాదు. చచ్చిన నాచు కూడా నీళ్లు పీల్చి విచ్చుకుంటుంది, లోపల రంగు ఇంకా చెడకపోతే పచ్చగానే కనిపిస్తుంది. సిగ్నీ దీవి నాచుని పరీక్షించినవాళ్లు పచ్చదనం చూసి నమ్మలేదు, కొత్త మొలక కోసం ఆగారు. మీరూ ఆగండి. నీడగా వెలుతురు పడే చోట పెట్టి, వాన నీళ్లు చల్లుతూ మూడు నాలుగు వారాలు చూడండి. కుళాయి నీళ్లు వద్దు.

బరంపురం_చదువరి
మాస్టారు చెప్పినది సరిగ్గా ఉంది. నేను ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం, "ఎందుకు" అన్నదానికి ప్రయత్నిస్తాను.

అక్కా, నాచుకి వేరు లేదు, నీళ్లు మోసే గొట్టాలు లేవు. రాయిని పట్టుకోవడానికి నూలుపోగుల్లాంటివి ఉంటాయంతే. ఆకు చాలావరకు ఒక్క కణం మందమే. నీళ్లు ఒంటి మీద పడితే తాగుతుంది, పడకపోతే లేదు. గాలి ఎంత పొడిగా ఉంటే అదీ అంత పొడిగా అయిపోతుంది. మర్రిచెట్టు లాంటివి నీళ్లు పోకుండా ఆపుకోవడానికి నానా తంటాలూ పడతాయి, నాచు ఆ పనే పెట్టుకోలేదు, ఎండటానికి ఒప్పేసుకుంది. ఎండేటప్పుడు కణంలో చక్కెర చిక్కబడి గాజులా గట్టిపడుతుంది. కణం లోపలి సామాను ఆ గాజులో కదలకుండా ఇరుక్కుని ఉంటుంది, పాకం ముదిరి పప్పుచెక్కలో పల్లీలు కదలకుండా ఉంటాయి చూడండి, అలా. దానికి తోడు కాపలా ప్రొటీన్లు కొన్ని తయారవుతాయి. నీళ్లు రాగానే పాకం కరుగుతుంది, విరిగినవాటిని మరమ్మతు చేసుకుంటుంది, మళ్లీ పని మొదలు.

గడ్డకట్టడం కూడా కణానికి ఒకరకంగా ఎండిపోవడమే, ఎందుకంటే మంచు బయట ఏర్పడుతూ లోపలి నీటిని లాగేస్తుంది. అందుకే ఎండని తట్టుకునే ఏర్పాటు చలిలోనూ పనికొస్తుంది. 2024లో చైనా శాస్త్రవేత్తలు ఒక ఎడారి నాచుని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నెలరోజులు ఉంచి తీస్తే మళ్లీ పెరిగింది.

ఇంకో సంగతి. నాచులో చిన్న ముక్క బతికున్నా చాలు, దానిలోంచి మొత్తం మొక్క వస్తుంది. కప్పకి అలా కుదరదు. గుండె, మెదడు, కాలేయం దేని పని దానిదే. గుండె ఆగితే మెదడుకి ప్రాణవాయువు అందదు, కథ అయిపోయినట్టే. నాచుకి ఆగిపోవడానికి గుండే లేదు.

కొరాపుట్_కాఫీతోట
ఒక అభ్యంతరం చెప్పనా. గుండె ఆగితే కప్ప పోయినట్టే అన్నారు, అన్ని కప్పలకీ అది నిజం కాదు. అలాస్కాలో, కెనడాలో అడవి కప్ప ఒకటి ఉంది, చలికాలంలో ఆకుల కింద రాయిలా గడ్డకడుతుంది. ఒంట్లో నీళ్లలో మూడింట రెండొంతుల దాకా మంచవుతాయి, ఊపిరి ఉండదు, గుండె కొట్టుకోదు. వసంతంలో కరిగి గెంతుకుంటూ పోతుంది. కాబట్టి తేడా గుండె ఉండటం లేకపోవడంలో లేదు.

బరంపురం_చదువరి
అన్నా, నిజమే, నేను తొందరపడి రాశాను, ఒప్పుకుంటున్నాను. ఆ కప్ప గడ్డకట్టడం మొదలవగానే కాలేయం నుంచి గ్లూకోజ్ గుమ్మరిస్తుంది, అది కణాల్లోకి పోయి లోపల మంచు కట్టకుండా కాపాడుతుంది. అంటే నాచూ ఆ కప్పా పట్టుకున్నది ఒకటే ఆయుధం, చక్కెర. మన ప్రాంతపు కప్పకి ఆ అవసరం ఎన్నడూ రాలేదు, అందుకే ఆ ఏర్పాటు లేదు. కొరాపుట్ చలికి అది ఎక్కడో సందులో దూరి కూర్చుంటే సరిపోతుంది.

కానీ చూడండి, ఆ అలాస్కా కప్ప కూడా చలికాలం దాటితే లేవాలి. నెలల లెక్కే దానిది, నాచుకి వందల ఏళ్లు.

కొరాపుట్_కాఫీతోట
అది సరే. ఇంకో మాట, మనవాళ్లు నూతి గట్టు మీద జారేదాన్నీ, చెరువులో తేలేదాన్నీ, రాయి మీద మెత్తగా ఉండేదాన్నీ అన్నిటినీ నాచు అనో పాచి అనో పాకుడు అనో అనేస్తాం. ఒడియాలో శిఉళి కూడా అంతే, అన్నిటికీ అదే మాట. ఇక్కడ మాట్లాడుతున్నది రాయి మీద, చెట్టు మాను మీద పెరిగే చిన్న చిన్న ఆకులున్న నాచు, నీళ్లలో జిగురుగా ఉండే పాచి కాదు. పాప ఇస్కూల్లో చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పమనండి.

కాశీనగర్_రైతు
నేను చదువుకున్నవాణ్ణి కాదు, పొలం పని చేసేవాణ్ణి, నాకు తెలిసింది రాస్తాను. మీ నాయనమ్మ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదమ్మా. మార్చి, ఏప్రిల్‌లో వంశధార పక్క మా మెట్ట చేను దున్నుతుంటే మట్టి గడ్డతోపాటు కప్ప బయటపడుతుంది. గుండ్రంగా బంతిలా, కళ్లు మూసుకుని, ఒళ్లంతా మట్టి రంగు, చూస్తే మట్టి ముద్దే అనుకుంటారు. చేతిలో పెట్టుకుని కాసేపు చూస్తే గొంతు కింద చిన్నగా కదులుతుంది. వెనక కాళ్ల మడమ దగ్గర గట్టిగా గునపం మొనలా ఉంటుంది, దాంతో వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ దిగిపోతుంది. నాగలి తగిలి కొన్ని పోతాయి, ఆ రోజంతా మనసు బాగోదు నాకు.

జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన రాత్రి ఇవన్నీ పైకి వస్తాయి. బోదురు కప్పలైతే మగవి నిమ్మపండు రంగులోకి మారిపోతాయి, గొంతుకి రెండు పక్కలా నీలం బుడగలు. చిన్నప్పుడు ఆ అరుపులకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు మా మడుల్లో ఆ చప్పుడు సగం కూడా లేదు. ఊడ్పులైన కొన్నాళ్లకి పురుగుమందు గుళికలు చల్లుతాం, మర్నాడు పొద్దున్నే చూస్తే తోకకప్పలు తెల్లగా పొట్ట పైకి తేలి ఉంటాయి. నేనే చల్లాను, నేనే చూశాను. రెండేళ్ల నుంచి కప్పలు గుడ్లు పెట్టే పల్లపు మడిలో గుళికలు మానేశాను. ఆ మడి పక్క ఇప్పుడు మళ్లీ అరుపు వినిపిస్తోంది.

గుణుపురం_సైన్స్
రైతు గారూ, మీరు రాసినది ఏ పుస్తకానికీ తీసిపోదు. మీ మాటకి నాది ఒకటి కలుపుతాను.

కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గరి చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంతవరకు తడి చర్మం గుండానే. నాచూ అంతే, ఒంటితోనే తాగుతుంది. ఇంత దూరపు రెండు ప్రాణాలు, ఒకటి మంచులో మొక్క, ఒకటి వానదేశపు జంతువు, రెండూ తలుపు లేని ఇంట్లో ఉంటున్నాయి. బయట ఏముంటే అది లోపలికి వచ్చేస్తుంది. మీ గుళికల మందు తోకకప్పకి అందుకే అంత త్వరగా ఎక్కుతుంది. ఐరోపాలో గాలిలో సీసం లాంటి లోహాలు ఎంత ఉన్నాయో తెలుసుకోవడానికి నాచుని కోసి పరీక్షిస్తారు, ఎందుకంటే దానికి వేరు లేదు, దాని ఒంట్లో ఉన్నదంతా గాలి నుంచీ వాన నుంచీ వచ్చిందే.

ఇంకో పోలిక ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నాచులో మగ కణం ఈదుకుంటూ ఆడ కణం దగ్గరికి పోవాలి. సన్నటి నీటి పొరైనా లేకపోతే వాటికి సంతానం లేదు. కప్పకీ గుడ్డు పెట్టాలంటే తడి కావాలి, గుడ్డుకి పెంకు లేదు కాబట్టి. నేల మీదికి వచ్చి కోట్ల ఏళ్లైనా రెండూ ఆ ఒక్క పనికి నీళ్ల దగ్గరికే పోతాయి. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తల ఎత్తేవారు.

రాయగడ_రాళ్లు
ఇక్కడ అందరూ అంటార్కిటికా ఎక్కడో, మనం ఎక్కడో అన్నట్టు రాస్తున్నారు. నా పని రాళ్లతో కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. మన తూర్పు కనుమలు ఒకప్పుడు అంటార్కిటికా తూర్పు భాగానికి అతుక్కుని ఉండేవి. రాయగడ, కొరాపుట్ కొండల్లో కనిపించే ఖొండలైట్ రాయికి ఇక్కడి కోందు ఆదివాసుల పేరే పెట్టారు. ఇక్కడి రాళ్లనీ అక్కడి రాళ్లనీ పక్కపక్కన పెట్టి శాస్త్రవేత్తలు అతుకు చూపిస్తారు. సుమారు 13 కోట్ల ఏళ్ల కింద విడిపోయాం.

కప్ప సంగతి కూడా ఉంది. అంటార్కిటికాలో ఇప్పుడు ఒక్క కప్ప లేదు, కానీ సీమోర్ దీవిలో దాదాపు 4 కోట్ల ఏళ్ల నాటి కప్ప ఎముకలు దొరికాయని 2020లో ప్రకటించారు. అప్పటికి అక్కడ ఇంకా అడవి ఉండేది. చలి ముదిరింది, కప్పలు పోయాయి, నాచు మిగిలింది. ఇవాళ అక్కడ పూలు పూసే మొక్కలు సహజంగా పెరిగేవి రెండే రెండు రకాలు, నాచులు మాత్రం వంద దాకా.

పాప అడిగిన ప్రశ్నకి ఆ దీవి ఒక జవాబు చెబుతోందని నాకు అనిపిస్తుంది. అదే నేల, అదే చలి, ఒకటి నిలబడింది, ఒకటి లేదు.

సిరొంచ_గోదారి
రాళ్లన్నా, మీరు చెప్పిన ఆ కలిసున్న పాత నేలకి గోండ్వానా అని పేరు పెట్టింది గోండుల నేల పేరు మీదనే. అది మా వైపు. గడ్చిరోలిల ఉండి ఈ మాట రాయకుంటే మనసొప్పలేదు.

మా దగ్గర వాన పడకపోతే పిల్లలు రోకలికి కప్పని కట్టి, వేపకొమ్మలు పెట్టి, ఇల్లిల్లూ తిరుగుతరు, ప్రతి ఇంటి ముందు బిందెతో నీళ్లు పోస్తరు. కప్పతల్లి అంటం. నేనూ చిన్నప్పుడు తిరిగిన. అప్పుడు తెలియదు కానీ ఇప్పుడు ఈ చర్చ చదివినంక కట్టిన తాడు తలుచుకుంటే బాధైతుంది, కాకపోతే పోసిన నీళ్లు దానికి తాగడమే కదా అని కొంచెం ఊరట. మా ఇంట్ల ఈ ఏడు మా పిల్లలకి తాడు వద్దన్న. మట్టి కప్పని చేసి తిప్పిన్రు.

కాశీనగర్ రైతు గారికి ఒక ప్రశ్న. ఆ మట్టిలో కప్ప ఎన్నాళ్లుండగలదు? ఒక ఏడాది వాన రాకపోతే?

కాశీనగర్_రైతు
మా చేనులో ఎనిమిది నెలలు ఉంటుంది, అంటే ఒక కారు నుంచి ఇంకో కారు దాకా. అంతకు మించి నేను చూడలేదు.

బరంపురం_చదువరి
ఆస్ట్రేలియా ఎడారిలో ఒక కప్ప ఊడిన చర్మాన్నే పొరలు పొరలుగా చుట్టూ సంచీలా కట్టుకుని, మూత్రాశయంలో నీళ్లు దాచుకుని వానకోసం ఏళ్ల తరబడి నేలలో ఉంటుంది. అక్కడి ఆదివాసులు ఎండాకాలంలో దాన్ని తవ్వి తీసి, పిండుకుని నీళ్లు తాగేవారు. అయినా అది ఎండిపోయి ఉండటం కాదు, ఎండకుండా దాక్కోవడం. సిరొంచ అన్న అడిగినదానికి నా సమాధానం అదే: దాచుకున్న నీళ్లు ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. నాచు దగ్గర దాచుకున్నది ఏమీ లేదు కాబట్టి అయిపోయేదీ లేదు.

అక్కా, మీ డాబా కప్ప విషయం కూడా ఇంతే. చెట్టు కప్ప మట్టి తవ్వుకోలేదు. దానికి తెలిసింది ఒక్కటే, ఎక్కడ తడి ఉంటే అక్కడికి చేరడం. డ్రమ్ము దగ్గర తడి ఉంటుందని వచ్చి ఉంటుంది. సిమెంటు డాబాలో దిగడానికి మట్టి లేదు, దాక్కోడానికి చెట్టు తొర్ర లేదు.

కొరాపుట్_కాఫీతోట
ఇది చదివి లేచి వెళ్లి మా తోట ఇంటి వెనక మట్టి మూకుడులో నీళ్లు పోసి వచ్చాను.

మాస్టారు రాసిన తలుపు లేని ఇల్లు అన్న మాట మీద ఒకటి. ప్రపంచంలో ఉభయచరాల్లో నూటికి 41 రకాలు అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో లెక్క తేల్చారు. చర్మానికి పట్టే ఒక బూజు చాలా దేశాల్లో కప్పల్ని తుడిచిపెట్టింది, చర్మం పాడైతే ఒంట్లో ఉప్పుల లెక్క తప్పి గుండె ఆగుతుంది. మన దేశం 1987లో కప్ప కాళ్ల ఎగుమతి ఆపేసింది, అది మంచి పని. కానీ మా వైపు ఒక ఊరి చెరువుని మూడేళ్ల కింద చదును చేశారు, ఎవరు చేశారో పేరెందుకు. అక్కడ ఇప్పుడు సిమెంటు నేల. చెరువు పోయిన ఏడాది తొలకరికి కప్పలు అక్కడికే వచ్చాయి, రాత్రంతా ఆ సిమెంటు మీద అరిచాయి. ఆ అరుపు విన్నవాణ్ణి నేను.

నాచైతే ఆ గచ్చు పగుళ్లలోనే రెండో ఏడు మొలిచింది.

పర్లాకిమిడి_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను, కొన్ని రెండుసార్లు చదివించుకుంది. రైతు గారి మట్టి ముద్ద కప్ప గురించి విన్నాక "అయితే తాతమ్మ చెప్పింది సగం నిజం" అంది, నా మనసు కొంచెం తేలికపడింది.

మాస్టారు చెప్పినట్టే వాన నీళ్లు పట్టి చల్లుతున్నాం. ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. మీరు చెప్పింది నిజమైంది మాస్టారూ, మొదటిరోజు పచ్చబడిన ఆకుల్లో చాలావరకు వారంలోపే గోధుమరంగుకి తిరిగిపోయాయి. పిల్ల ఏడ్చింది. కానీ నిన్న భూతద్దంతో చూస్తే ఒక కొమ్మ పక్క నుంచి ఆవగింజలో పావు వంతు ఉండే లేత మొలక ఒకటి, దాని కింద ఇంకొకటి. ఇవి ముందు లేవు, రోజూ బొమ్మ గీసిపెట్టుకుంది కాబట్టి ఖాయంగా చెప్పగలను.

ఇంకొకటి, దీనికోసమే తొందరగా రాస్తున్నాను. డాబా మీద డ్రమ్ములో మొన్నటి వానకి నీళ్లు చేరాయి. ఇవాళ పొద్దున్న చూస్తే డ్రమ్ము లోపలి గోడకి, నీటికి జానెడు ఎత్తున, గుడ్డు సొన గిలక్కొట్టినట్టు తెల్లటి నురగ ముద్ద అంటుకుని ఉంది. దోమలొస్తాయని మావారు డ్రమ్ము బోర్లిద్దామంటున్నారు, డెంగ్యూ టెన్షన్ కదా. పిల్ల డ్రమ్ముకి అడ్డంగా నిలబడింది. అది కప్పదేనా? ఏం చెయ్యమంటారు?

గుణుపురం_సైన్స్
చెట్టు కప్పదే అమ్మా. ఆడ కప్ప వెనక కాళ్లతో చిలికి ఆ నురగ చేస్తుంది, లోపల గుడ్లు తడిగా ఉంటాయి, పైన ఎండి పెంకు కడుతుంది. వారం లోపే పిల్లలు కింద నీళ్లలోకి జారిపడతాయి. బోర్లించకండి. ఇవాళే డ్రమ్ము మూతికి దోమతెర గుడ్డ కట్టేయండి, నురగకి తగలకుండా, దోమలు రాకుండా. తోకకప్పలు దిగాక వాటిని నీళ్లతో సహా వెడల్పు తొట్టిలోకి మార్చండి, దాని మీద కూడా తెర ఉండాలి. తొట్టిలో ఒక రాయి నీటి పైకి కనబడేలా పెట్టండి, కాళ్లొచ్చాక ఎక్కడానికి. ఎక్కడం మొదలవగానే తెర తీసేయండి.

పర్లాకిమిడి_అమ్మ
దోమతెర కట్టేశాం. రాయి మహేంద్రతనయ ఒడ్డు నుంచి తెస్తానని సైకిల్ మీద వెళ్లింది.